జానీ పెట్టిన రాళ్ళు

జానీ తాత శుక్రవారాలు మన ఇంటికి ఎందుకు రావడం లేదని నా మనవరాలు అఫ్షాన్ అడిగింది. వాళ్ళ అవ్వ పక్కింటికి పోయిన సమయం చూసి చెబుతున్నాను. నెమ్మదిగా చెబుతాను. నాకు అట్లాగే వచ్చు.

జానీ నా బామ్మర్ది. నా భార్య రహమత్బీకి తమ్ముడు. మాది రాయచోటి పక్కన పల్లె. సౌదీలోని ఈ ఖమీస్ ముషైత్‌కు నేను ముందు వచ్చి, తరువాత వాడిని పిలిపించుకున్నాను. ఇద్దరం అబూ నాసర్ అనే సౌదీ పెద్దాయన దగ్గర డ్రైవర్లం. ఏడేళ్ళ కిందట ఘాట్ రోడ్డులో నా బండి పల్టీ కొట్టింది. వెనక బండిలో వస్తున్న జానీ అద్దం పగలగొట్టి నన్ను బయటికి లాగాడు. వాడు లేకపోతే నేను లేను. ఆ మాట ఇవాళ కూడా అంటాను.

కుడి తొడలో తుంటి నుంచి మోకాలి దాకా రాడ్డు వేశారు. మోకాలు వంగదు. డ్రైవరు పని పోయింది. అబూ నాసర్ మంచివాడు, నన్ను ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపకుండా తన తోటకు కాపలా పెట్టుకున్నాడు. నడవడానికి సిద్ర చెట్టు, అంటే రేగు చెట్టు, కొమ్మ నరికి కర్ర చేయించి ఇచ్చాడు.

అప్పటి నుంచి నేను బండి ఎక్కాలంటే ఒక పద్ధతి. ముందు సీటు మీద పక్కకు కూర్చోవాలి. తరువాత ఎవరైనా కాలు పట్టి లోపలికి పెట్టాలి. ఆ పని జానీదే. పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి, "బావ సామాను బద్రం" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాడిని.

అబూ నాసర్‌కు బంగారం వెతికే పిచ్చి. దానికి సర్కారు కాగితం కూడా తీసుకున్నాడు. తూర్పు దిక్కున వాదీల్లో, ఎండిపోయిన వాగుల్లో, మిషన్ పట్టుకుని తిరిగేవాడు. పొడవాటి కడ్డీకి కింద పళ్ళెం లాంటిది ఉంటుంది. దాన్ని నేల మీద అటూ ఇటూ ఊపాలి. కింద లోహం ఉంటే కూస్తుంది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఊరికే బండిలో కూర్చునేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేసి పాత మిషన్ మాకు ఇచ్చాడు. నా పేరు మీద పోండి, చిన్న ముక్క దొరికితే ఎవరికి దొరికింది వాళ్ళే ఉంచుకోండి అన్నాడు.

రెండేళ్ళు, చలికాలంలో ప్రతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక జానీ, నేను పోయేవాళ్ళం. సగం పొద్దు వాడు ఊపేవాడు, సగం పొద్దు నేను. తవ్వేది ఎప్పుడూ వాడే. నేను వంగలేను కదా.

మొదటి రోజే నా వంతులో మిషన్ కూసింది. జానీని కేకేశాను. వాడు వచ్చి మిషన్ తీసుకుని పళ్ళేన్ని నా తొడకు ఆనించాడు. గట్టిగా కూసింది. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు.

"కూసింది నీ కాలే బావా. లోపల రాడ్డుండాది గదా. డాక్టర్లు నీకు పెట్టిన బంగారం అదే."

నాకూ నవ్వు వచ్చింది. తొడకు పెడితే కూయడం నేనే చెవులారా విన్నాను. ఆ తరువాత నా వంతులో ఎప్పుడు కూసినా జానీ దూరం నుంచే "కాలు, బావా" అనేవాడు. కూసిన చోట పలుగురాయి ఒకటి పెట్టి, దాని మీద ఇంకో పలుగురాయి పెట్టేవాడు. ఎందుకురా అంటే, నీ కాలు అబద్ధం చెప్పిన తావు, మళ్ళీ తొక్కి తిప్పలు పడకుండా గుర్తు అనేవాడు. నా మీద ప్రేమతో చేస్తున్నాడు అనుకున్నాను. ఒక చోటికి పోయాక మళ్ళీ అక్కడికి తీసుకుపోయేవాడు కాదు. వారం వారం కొత్త వాదీ.

వాడి వంతులో రెండు సార్లు ఆవగింజంత దొరికింది. నా వంతులో ఏమీ లేదు. పోయిన రంజానుకు వాడు తన అక్కకు కమ్మలు తెచ్చాడు. ఓవర్ టైం చేసి చేయించాను అన్నాడు. రహమత్బీ అవి పెట్టుకుని అద్దం ముందు నుంచి కదల్లేదు.

"నా తమ్ముడు డూటీ చేసి కమ్మలు తెచ్చినాడు. నువ్వు ఇన్ని శుక్రారాలు కొండలు తిరిగి నా చేతిలో ఒక నలుసు పెట్టినావా? ఇసుక తెచ్చినావు, చెప్పుల్నిండా."

ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం తగిలింది. కాలు పోయాక కాపలా చిల్లర తప్ప నేను ఇంట్లోకి తెచ్చింది ఏమీ లేదు. కొడుకు ఉద్యోగంలో తింటున్నాం. ఒక్క నలుసు, నా చేతులతో తీసింది, ఆమె చేతిలో పెట్టాలి. ఈ ఊరు వదిలి పోయేలోపల అదొక్కటే అనుకున్నాను.

ఈ చలికాలం మొదట్లో అబూ నాసర్ నన్ను చూసి, ఆ పాత మిషన్ నీకు బరువు, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో అది, ఎట్లా మోస్తావు అన్నాడు. మార్కెట్లో దుకాణానికి పోయి నీ కాలికి ఏది సరిపోతుందో అడిగి తెచ్చుకో, నేను చెప్పి ఉంచుతాను అన్నాడు.

జానీకి చెబితే సంతోషపడతాడు అనుకున్నాను. వాడి ముఖం అదోలా అయింది.

"ఎందుకు బావా దండగ? నీ కాలుండంగా ఏ మిషనైనా ఒగటే. పెద్దాయన దుడ్లు పాడు చేస్తావా?"

అడిగి చూస్తే పోయేదేముంది అన్నాను. తనూ వస్తాను, డ్యూటీ లేని రోజు పోదాం అన్నాడు. రెండు వారాలు వాడికి తీరలేదు. మూడో వారం నేను టాక్సీ పట్టుకుని ఒక్కణ్ణే పోయాను.

దుకాణం యెమెనీది. లోపల పని చేసేది నవాజ్ అని హైదరాబాదు మనిషి. తెలుగు వచ్చు. నన్ను చాచా అని పిలిచి స్టూలు వేశాడు. నా కర్ర చూశాడు, కట్టెదే, మంచిది, ఇనుప కర్ర అయితే పక్కన పెట్టమనేవాణ్ణి అన్నాడు. చెప్పులు తిరగేసి మేకులు లేవని చూశాడు. కుడి చెయ్యా ఎడమ చెయ్యా, ఎంతసేపు నిలబడగలవు, చెవి బాగా వినిపిస్తుందా, అన్నీ అడిగాడు. ఆసుపత్రిలో కూడా నన్ను అంత ఓపికగా ఎవరూ అడగలేదు.

బరువు భుజం మీద పడేలా పట్టీ ఉన్న మిషన్ ఒకటి తీశాడు. బ్యాటరీ నడుముకు కట్టుకోవాలి. కడ్డీ పొడుగు నా ఎత్తుకు సరిచేశాడు. పళ్ళెం చిన్నది, తేలిక. పాత దాని బరువులో సగం కూడా లేదు. తవ్విన మట్టి పోసి చూసుకోవడానికి ప్లాస్టిక్ గిన్నె ఒకటి ఇచ్చాడు. కింద కూర్చునే పని చేసుకోవచ్చు, వంగాల్సిన పని లేదు అన్నాడు.

అప్పుడు నేను నా సంగతి చెప్పాను. కాలిలో రాడ్డు ఉంది, మిషన్ దానికే కూస్తుంది, కూయని మిషన్ ఏదైనా ఉందా అని.

నవాజ్ నన్ను దుకాణం వెనక ఇసుక పోసిన చోటికి తీసుకుపోయాడు. తన ఉంగరం తీసి ఇసుకలో పూడ్చాడు. ఊపమన్నాడు. దాని మీదికి రాగానే మిషన్ కూసింది. ఉంగరం తీసేశాడు. మళ్ళీ ఊపమన్నాడు. ఊపాను. చప్పుడు లేదు. కాలు ముందుకు పెట్టి ఊపాను. లేదు. పళ్ళేన్ని పాదం పక్కకు తెచ్చాను. లేదు.

"కాలెట్ల కూస్తది చాచా? రాడ్డు తొడల ఉన్నది. పళ్ళెం నేల మీద ఉన్నది. తొడకు ఆనిస్తే కూస్తది గని, మీరు నడిచేటప్పుడు దానికి మీ కాలు కనబడనే కనబడది."

పాత మిషన్ సంగతి అడిగాను. అబూ నాసర్‌ది తనకు తెలుసట, తనే బాగు చేశాడట. అదీ అంతే అన్నాడు. ఇంకోసారి ఊపి చూస్తానన్నాను. మళ్ళీ ఊపాను. మళ్ళీ ఊపాను. మిషన్ మీద నాకు నమ్మకం లేదనుకున్నాడు పాపం. నేను వింటున్నది మిషన్‌ను కాదు.

"మీరు ఊపేది మస్తుగున్నది చాచా. అందరు గడ్డి కోసినట్టు ఊపుతరు. గిట్ల మెల్లగ, నేలకు దగ్గరగ పోయేటోనికే దొరుకుతది. మీ కాలే మీకు నేర్పింది. కూస్తదని ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఎవురో అన్నారులే నాయనా," అన్నాను.

ఆ మిషనే తెచ్చుకున్నాను. టాక్సీలో కూర్చుంటే కళ్ళ ముందు రాళ్ళు కనిపించాయి. రాయి మీద రాయి. రెండు చలికాలాలు. ఎన్ని పెట్టాడో లెక్క పెట్టలేదు నేను. తెలియక చేశాడేమో, వాడికి మాత్రం ఏం చదువుంది అని కూడా అనుకున్నాను. శుక్రవారం దాకా అదే అనుకుంటూ ఉన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం జానీ వచ్చాడు. కొత్త మిషన్ చూసి బాగుందన్నాడు. నా కాలు ఎత్తి బండిలో పెట్టాడు. పోయిన నెల పోయిన వాదీకే పోనీ అన్నాను. అక్కడేముంది బావా, ఇంకో చోటు చూసి పెట్టినాను అన్నాడు. నేను అదే మాట మళ్ళీ అన్నాను. వాడు బండి అటే పోనిచ్చాడు.

వాదీలో దిగి మెల్లగా నడుచుకుంటూ పోయాను. రాళ్ళు పెట్టిన చోట్లు నాకు గుర్తున్నాయి. నడవడం కష్టమైనవాడికి నడిచిన ప్రతి అడుగూ గుర్తుంటుంది. మొదటి చోట రాళ్ళు పక్కకు పడి ఉన్నాయి. మధ్యలో మోచేతి లోతు గుంట. రెండో చోటా అంతే. మూడో చోట పూడ్చాడు, కానీ మట్టి రంగు వేరే ఉంది.

"నక్కలు తవ్వింటాయి," అన్నాడు జానీ వెనక నుంచి.

పట్టీ భుజానికి వేసుకుని ఊపడం మొదలుపెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తరువాత వాగు మలుపులో, పలుగురాళ్ళ గట్టు కింద, సన్నగా కూసింది. ఆగి, వెనక్కి తెచ్చి, మళ్ళీ ఊపాను. అదే చోట మళ్ళీ కూసింది.

జానీ నోరు తెరవడానికి కొంచెం సమయం పట్టింది. కానీ తెరిచాడు.

"కాలే బావా. కొత్తదీ అంతే, చెప్తే వినవు."

రాళ్ళు ఏరుకొచ్చాడు. ఒకటి పెట్టాడు. దాని మీద ఇంకొకటి పెట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పెట్టడం అయ్యాక మిషన్ పట్టుకోమని వాడి చేతికి ఇచ్చి, కర్ర ఆనుకుని కింద కూర్చున్నాను. కాలు చాపుకుని ఆ రాళ్ళు తీసి పక్కన పెట్టి, వాడు తెచ్చిన చిన్న పికాసుతో తవ్వడం మొదలుపెట్టాను. నొప్పి పుడుతుంది, నేను తవ్వుతా ఇయ్యి అన్నాడు. వద్దన్నాను. మూడు గంటల అసర్ బాంగు వేళ నుంచి నీడలు సాగేదాకా తవ్వాను. మట్టి గిన్నెలో పోసి పళ్ళెం మీదుగా పోనిచ్చి చూడడం, కూయకపోతే పారబోయడం. మిషన్ వాడి చేతిలోనే ఉంది. పళ్ళేన్ని కింద పెట్టి పట్టుకున్నాడు పాపం, కదపలేదు.

ఒక గిన్నెకు కూసింది. సగం పారబోశాను. ఇంకా కూసింది. చివరికి అరచేతిలో చిటికెడు మట్టి మిగిలింది. ఊదితే మట్టి పోయింది. విరిగిన పెసరబద్దంత ముక్క, పచ్చగా. గరుకుగా ఉంది.

అరచెయ్యి పైకెత్తి వాడికి చూపించాను.

"ఇది నా కాలేనా జానీ?"

వాడు ముక్కను చూడలేదు. నా ముఖమూ చూడలేదు. మిషన్ మెల్లగా నేల మీద పెట్టి నాకు దూరంగా ఒక బండ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే మాట్లాడాడు.

"నీకేం బావా. కొడుకుండాడు, పెద్దాయనుండాడు. నువ్వు యాడన్నా పడితే పట్టుకునేటోళ్ళుండారు. నాకు పిల్లా జెల్లా ఎవురుండారు? నేనేమన్నా మొత్తం మింగినానా? అక్కకు కమ్మలు చేపిచ్చినా గదా."

కమ్మల సంగతి అప్పుడు తెలిసింది నాకు.

అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. దొరికిందంతా తనకే కావాలన్నా తీసుకోమనేవాణ్ణి, అద్దం ముక్కల్లోంచి నన్ను బయటికి లాగినవాడు కదా. వాడు బంగారం తీసుకున్నందుకు కాదు నా బాధ. రెండేళ్ళు నా కాలును నేనే తిట్టుకున్నాను. పడుకునే ముందు తొడ మీద చెయ్యి వేసి, నువ్వు నడవనూ నడవవు, నన్ను దేనికీ కాకుండా చేశావు అని తిట్టేవాణ్ణి. వాడు తవ్వుకున్నవన్నీ అది పట్టించినవే. ఆ మాట వాడికి చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను.

పొద్దు వాలుతోంది. వాడి బండి తప్ప ఇంటికి పోవడానికి ఇంకో దారి లేదు. బండి దాకా నడిచాను. సీటు మీద పక్కకు కూర్చున్నాను. జానీ అలవాటుగా వంగి రెండు చేతులూ చాపాడు. నేను కర్ర అడ్డం పెట్టాను. ప్యాంటు మోకాలి దగ్గర రెండు చేతులతో పట్టుకుని, నా కాలు నేనే ఎత్తుకున్నాను. మొదటిసారి అందలేదు. రెండోసారి తలుపుకు తగిలింది. మూడోసారి లోపలికి వచ్చింది. అంతసేపూ వాడు చేతులు చాపుకునే నిలబడ్డాడు.

ఇంటి దగ్గర దించి, పైకి రాకుండా పోయాడు.

రహమత్బీ మగ్రిబ్ నమాజు చేసుకుని లేచింది. చెవులకు కమ్మలు ఉన్నాయి. నేను జేబులోంచి కాగితం మడత తీసి, ముక్కను ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె లైటు కిందికి పోయి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. వేలితో కదిపింది. ఇన్నేళ్ళలో ఆమె ముఖం అంత వెలిగింది నేను చూడలేదు.

"మా జానీ చూపిచ్చినాడా తావు?" అంది.

కమ్మలు ఊగుతున్నాయి. నేను కొంచెంసేపు వాటినే చూశాను.

"ఊఁ. రాళ్ళు వాడే పెట్టినాడు," అన్నాను.