షెడ్డుకు పంపబోయిన కారు

నవంబర్ వచ్చిందంటే చాలు, దైవాశీర్వాదం గారికి పూనకం వస్తుంది. విదేశంలో వాళ్లుండే బాతెల్ ఊళ్లో, వాళ్ల వీధిలో మంచు పడేదే ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ మధ్యాహ్నానికల్లా కరిగిపోతుంది. అయినా ఆయన హడావుడి చూస్తే రేపే ప్రళయం అనుకోవాలి. గడ్డి కోసే మిషన్‌లో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపాడు. ఆకులు ఊదే బ్లోయర్‌ను తుడిచి గోడకు తగిలించాడు. నీళ్లు గడ్డకడితే పంపు పగులుతుందని ప్రెషర్ వాషర్‌ను వంచి వంచి నీళ్లన్నీ ఒంపేశాడు. ఆ మహానుభావుడు ఏ పని చేసినా పక్కన టార్చ్ పట్టుకుని ఒకరు నిలబడాలి కదా! “లైట్ అటు కాదు, ఇటు” అని కసురుతున్నా భార్య జోసఫిన్ నోరు మూసుకుని అన్నీ భరించింది.

శనివారం పొద్దున్నే జోసఫిన్ టీ కప్పుతో గరాజ్‌లోకి వచ్చేసరికి, ఆయన ఆమె నీలం కారు బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీస్తున్నాడు.

“ఏమండీ, నా కారుకేం రోగం?”

“ఏం లేదే. వింటర్ స్టోరేజ్. పెట్రోల్‌లో స్టెబిలైజర్ కూడా పోసేశా, పాడవదు. మళ్ళీ మార్చ్‌లో స్టార్ట్ చేద్దాం.”

జోసఫిన్‌కి ఒళ్లు మండిపోయింది. డ్రైవింగ్ టెస్టులో మూడుసార్లు ఫెయిలై, ఏడ్చి, మళ్ళీ వెళ్లి లైసెన్స్ తెచ్చుకున్న మనిషి ఆమె. అంతకుముందు పాలకీ పెరుగుకీ కూడా ఈయన ఆఫీసు మీటింగ్ ఎప్పుడైపోతుందా అని చెప్పులేసుకుని సోఫాలో కూర్చునేది. మళ్ళీ ఆ సోఫాకా? చచ్చినా వెళ్లదు.

“మరి క్రిస్మస్ పాటల క్వయర్ ప్రాక్టీస్‌కి ఎలా వెళ్లాలి?”

“అరేంజ్ చేసేశాగా! ప్రేయర్ మీటింగ్‌లో రిక్వెస్ట్ పెట్టా. చలికాలమంతా నువ్వు రోడ్డెక్కకుండా ఉండాలని అందరూ ప్రార్థించారు. ఈరోజు మన చర్చి విమలక్క వచ్చి పిక్ చేసుకుంటుంది.”

అదీ సంగతి! “సిస్టర్, రైడ్ కావాలా?” అని నిన్నట్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎందుకింత జాలో ఇప్పుడు అర్థమైంది. సంఘం ముందు తన పరువు నిలువునా తీశాడు.

“మీకు గడ్డి మిషనూ నేనూ ఒకటేనా?”

“అది కాదే. ఐస్ మీద జారితే? నీకేమైనా అయితే నేనెలా బతకాలి?”

ఆయన పని ఆపి ఆమె వైపు తిరిగాడు. భయం నిజమైనదేనని ఆమెకు తెలిసింది. జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు.

“మంచు పడిన రోజు నేనే ఆగుతా. పడకముందే నన్ను మూలన పెడతారేంటి? బిగించండి.”

“ఏంటి?”

“ఆ వైరు. బిగించండి.”

గొణుక్కుంటూనే బిగించి, బానెట్ దించాడు. ఆమె కప్పు పక్కన పెట్టి, లోపలికి వెళ్లి కోటు వేసుకొచ్చి కారెక్కింది. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది.

అంతలో వీధిలో హారన్ మోగింది. విమలకుమారి వ్యాన్ ఆపి, అద్దం దించి, “రా జోసఫిన్, ఎక్కు!” అని పిలిచింది.

“అక్కా, నేను నా కార్‌లో వస్తున్నా,” అంది జోసఫిన్ రివర్స్ గేరు వేస్తూ. “రోడ్డంటే భయం ఈయనకే. ఈయన్నెక్కించుకో.”