కమలవ్వ గోలి మింగిన పూట

చెన్నూరు బీడీల కార్ఖానాలో పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇరవై మంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని కూర్చునేవారు. తడిపిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, కొస మడిచి దారం కట్టడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్లు ఊళ్లోవాళ్లందరి సంగతులూ కట్టలు కడుతుండేవి. తొమ్మిదిన్నరకు మున్షీ దశరథం మంచినీళ్ల చెంబు పట్టుకొని వచ్చి, కిటికీ పక్కన కూర్చున్న కమలవ్వ అరచేతిలో తెల్లగోలి ఒకటి పెట్టేవాడు. ఆమె మింగేది. అరగంట తిరిగేసరికి అక్కడున్న ముడులన్నీ బిగుసుకునేవి.

ఇందులో వింతేమీ లేదు, చెన్నూరంతా ఎరిగిందే. కమలవ్వ గోలి మింగితే చుట్టుపక్కల వదులుగా ఉన్నదల్లా బిగుస్తుంది. బీడీల దారాలు, రవికల ముడులు, డబ్బాల మూతలు, రోడ్డు అవతల సైకిల్ దుకాణంలో నట్లు కూడా. పాలమ్మే రాయమల్లు ఆ వేళకు ఇంటికి పోయి లేగదూడ మెడతాడు సడలించి వచ్చేవాడు. "కమలవ్వ మింగినట్టుంది" అనుకొని ఎవరి తాడు వాళ్లు చూసుకునేవారు, అంతే.

దశరథానికి మాత్రం అది అడగని వరం. వదులు బీడీ కనిపిస్తే ఛాట్ అని, అంటే పనికిరానిదని, పక్కకు విసిరేయడం అతని పని. కమలవ్వ పుణ్యమా అని విసిరేయడానికి ఒక్కటీ దొరికేది కాదు. ఇంత గట్టి బీడీలు ఎక్కడా చూడలేదని సేటు మురిసిపోయి దసరాకు అతనికి చేతి గడియారం ఇచ్చాడు. కమలవ్వకు ఇచ్చింది గోలి.

ఆ గోలి మొదట కమలవ్వ కోసమే వచ్చింది. నాలుగేళ్ల కిందట, తెలంగాణ జిల్లాలన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మరుసటి ఏడు, ఆమెకు పార్శ్వపు నొప్పి పట్టుకుంది. ముందు ఎడమకంటి ఎదుట రంపపు పళ్లలా వెలుగు ఆడేది. తర్వాత ఎడమ కణత డప్పులా మోగేది, వాంతులయ్యేవి, ఎండ చూస్తే ప్రాణం పోయేది. భర్త మొండయ్య ఎడ్లబండి మీద, ఆపైన బస్సులో కరీంనగర్ తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. డాక్టరు గోలీలు రాసి, ఎప్పుడు ఎన్ని మింగాలో చీటీ మీద ఇంగ్లీషులో వివరంగా రాశాడు. ఆ చీటీని చదవగలిగింది చెన్నూరులో వాళ్లకు తెలిసిన ఒక్క దశరథమే. నమ్మి అతని చేతికిచ్చారు. మొదటి గోలికే కార్ఖానాలో దారాలు బిగియడం చూసిన దశరథం చీటీ మడిచి జేబులో పెట్టుకొని, "రోజుకొకటి మింగాలె అని రాసిండు" అన్నాడు. దుకాణం నుంచి తెప్పించే భారం కూడా తనే నెత్తికెత్తుకున్నాడు.

ఆ నాలుగేళ్లలో కమలవ్వకు రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. వేప కొమ్మలతో దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఆ తాయెత్తు దారం కూడా రోజూ తొమ్మిదిన్నర దాటాక బిగుసుకునేది. ఇప్పుడు మళ్లీ రెండో నెల. మొండయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

వైశాఖంలో ఒకనాడు ఆకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చున్న అత్త బాలవ్వ కెవ్వుమన్నది.

"కమలా! నెత్తురే! ఏలు తెగింది సూడు!"

కమలవ్వ చూసుకుంది. ఎడమ చూపుడువేలి కొస తెగి చాటలో ఆకు ఎర్రబడింది. నొప్పి లేదు. ఆ వేలే తనది కానట్టుంది. అప్పుడు భయమేసింది.

మిషన్ దవాఖానాలో నర్సు ప్రేమమ్మ కట్టు కట్టి, మణికట్టు పట్టుకొని నాడి కోసం చాలాసేపు వెతికింది. బయట మండే ఎండ. కమలవ్వ చేతులు మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి.

"ఏం మింగుతున్నవు?"

కమలవ్వ కొంగుముడిలో దాచిన ఆనాటి గోలి విప్పి చూపించింది. ఆరోజు తల నొప్పి లేదని మింగలేదు. ప్రేమమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"జొన్నకంకికి తేనెబంక తెగులు వస్తది, ఎరికేనా? అసొంటి తెగులే దొరల దేశంల ఒక గింజకు పడ్తది. దాంట్లకెల్లి తీస్తరు దీన్ని. నొప్పి లేచినప్పుడు తలకాయల నరాలు ఉబ్బి కొట్టుకుంటయి. ఇది వాటిని బిగిస్తది, నొప్పి దిగుతది. మంచి మందే. కని దానికి తలకాయేది, చెయ్యేది తెల్వది. నెత్తురు పారే తొవ్వలన్నిటినీ బిగిస్తది. అందుకే నొప్పి లేచిననాడే మింగాలె, వారానికి ఇన్నే అని లెక్క ఉంటది. దినాం మింగితే చేతుల ఏళ్లు నల్లబడి రాలిపోతయి. దినాం మింగినోళ్లకు మానంగనే నొప్పి ఇంక ఎక్కువొస్తది. మళ్ల మింగబుద్ధయితది."

"సిస్టరమ్మా, కడుపుల పిల్ల ఉంటే?"

ప్రేమమ్మ గోలిని బల్ల మీద పెట్టేసింది. "కడుపును గూడ బిగిస్తది బిడ్డా. కడుపుతోని ఉన్నోళ్లు దీన్ని ముట్టద్దు."

కమలవ్వ ఏడవలేదు. లేచి, ఆ గోలి తిరిగి అడిగి తీసుకొని, నేరుగా కార్ఖానాకు నడిచింది. దశరథం ఎదుట బల్ల మీద దాన్ని టక్కున పెట్టింది.

"ఇగ మింగ."

దశరథం నవ్వాడు. "తలకాయ నొస్తే నువ్వే ఉరికొస్తవు."

"నొయ్యనీ. నా తలకాయ."

"గోలి మింగకపోతే నీకు ఆకు ఇయ్య."

అందరి చేతులూ ఆగాయి. బాలవ్వ కోడలి కొంగు పట్టి లాగింది. ముసలిదాని వేళ్లు వంకరపోయి ఏడాదిన్నర అయింది. ఆ బిగువే లేకపోతే ఆమె చుట్టినవాటిలో సగం ఛాట్‌లోకి పోతాయి. "కమలా, గొడవెందుకే, గీ ఒక్కపూటకు మింగు" అన్నది చిన్నగా.

"అత్తా, నీ మనుమలు ఇద్దరు గీ గోలీలకే పోయిన్రు. మూడోది కడుపుల ఉన్నది. ఇప్పుడు చెప్పు, మింగమంటవా?"

బాలవ్వ కొంగు వదిలేసింది. చాటలోంచి నిన్న మిగిలిన కట్ట తీసింది. ఇరవై అయిదు బీడీలు, ఒక్కో దారం రాయిలా బిగిసి ఉంది. కత్తెర తీసుకొని ఒక్కొక్క దారమే కటుక్కుమని కోసింది. తంబాకు నేల మీద రాలింది. "సేటుకు చెప్పుకో. నాక్కూడ ఆకు ఇయ్యకు" అని చాట బోర్లించింది. తర్వాత ఇంకో చాట బోర్ల పడింది. తర్వాత అన్నీ. నాలుగో రోజుకు సేటు దగ్గరి నుంచి మనిషి వచ్చి ఎందుకు పని ఆగిందని దశరథాన్ని నిలదీశాడు. అయిదో రోజు అందరికీ ఆకు అందింది.

గోలి మానిన తర్వాత పదిహేను రోజులు కమలవ్వకు నరకమే. నొప్పి కట్టలు తెంచుకొని వచ్చింది. చీకటి గదిలో నుదుటికి తడిగుడ్డ కట్టుకొని, దశరథాన్ని, వాడి గడియారాన్ని, వాడి ఏడు తరాలను తిడుతూ పడుకుంది. మొండయ్య గుడ్డ తడిపి ఇస్తూ బయట కూర్చునేవాడు. పేరు అతనిదే గానీ ఆ ఇంట్లో మొండితనమంతా ఆమెదే. ఆషాఢంలో నొప్పి నెలకు రెండుసార్లకు దిగింది. ఒకరోజు ఆకు ఈనె వేలికి తగిలి గరుకుగా తెలిసింది. కమలవ్వ ఆ ఆకునే పదిసార్లు తడిమింది. కార్ఖానాలో బీడీలు కొన్ని వదులయ్యాయి, కొన్ని ఛాట్‌లో పడ్డాయి. ఎవరూ చావలేదు.

పుష్యమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా పడింది. నెత్తురు మాత్రం ఆగలేదు. బాలవ్వ గుడ్డ మీద గుడ్డ మారుస్తోంది. కాన్పు చేయడానికి ఇంటికి వచ్చిన ప్రేమమ్మ సూదిమందు తీసి, పెట్టకుండా కమలవ్వ మొహంలోకి చూసింది.

"ఇది గా గోలికి అక్క. ఒక్క తెగులుకెల్లి తీసిందే. పిల్ల లోపల ఉంటే పెట్టేదాన్నే కాదు. ఇప్పుడు కడుపు బిగియకపోతే నువ్వు దక్కవు."

కమలవ్వ పెదవులు తెల్లబడ్డాయి. అయినా గొంతులో పొగరు తగ్గలేదు. "వాడు మింగుమన్ననాడు మింగలే. ఇయ్యాల నేను అడుగుతున్న. పెట్టు."

బయట మొండయ్య అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నాడు. లోపల మాటలు ఆగిపోయాయి. అప్పుడు తలకు చుట్టిన రుమాలు ఒక్కసారిగా బిగిసింది. బండి కాడికి కట్టిన తాళ్లు కిర్రుమన్నాయి. వీధిలో ఎవరో "అబ్బో, ఎన్నాళ్లకు!" అంటూ దూడ దగ్గరికి పరుగెత్తారు. గోదావరి రేవులో పడవల తాళ్లన్నీ గుంజలకు హత్తుకున్నాయి. చెన్నూరులో వదులుగా ఉన్నదేదీ మిగల్లేదు. మొండయ్య రుమాలు విప్పుకోలేక, విప్పుకోవాలని లేక, ఏడుస్తూ నవ్వుతూ అరిచాడు.

"బిగిసింది! బతికింది!"

లోపల నెత్తురు ఆగింది.

ఇరవై ఒకటో రోజున దశరథం వచ్చాడు, చేతిలో గోలీల రేకు డబ్బాతో. "పిల్ల పుట్టింది గదా కమలా, ఇగ ఏం ఫికర్? మింగచ్చు గదా."

"పాలిచ్చే తల్లికి గూడ వద్దన్నది సిస్టరమ్మ. అయినా తెరువు, సూద్దాం."

దశరథం మూత పట్టి తిప్పాడు. రాలేదు. పంటితో లాగాడు, గడపకేసి కొట్టాడు. పిల్ల పుట్టిన మధ్యాహ్నం ఊళ్లో బిగిసినవన్నీ సాయంత్రానికి ఎవరివి వాళ్లు సడలించుకున్నారు గానీ ఈ మూత సడలలేదు. కమ్మరి దగ్గరికి పోయినా కమ్మరి సుత్తె వంగింది గానీ మూత కదల్లేదు. విసుగొచ్చి, తిరిగి వచ్చి డబ్బాను కమలవ్వ వాకిట్లోనే పడేసి పోయాడు.

కమలవ్వ దాన్ని కడిగి, తుడిచి, తన పది వేళ్లతో గట్టిగా తిప్పి చూసింది. రాలేదు. అప్పుడు పిల్ల పక్కలో పెట్టింది. పిల్ల కూర్చోవడం నేర్చాక, నొప్పి వచ్చిన రోజున కమలవ్వ తడిగుడ్డ కట్టుకొని చీకట్లో పడుకుంటే, వాకిట్లో బాలవ్వ ఒళ్లో కూర్చొని పిల్ల ఆ డబ్బాను గలగల ఆడిస్తుంటుంది.