చలికి చచ్చిన గుడ్లు

పెంటమ్మ ఆఖరిదైన రెండు వందల నలభయ్యో గుడ్డును కూడా బల్బు డబ్బా కన్నానికి ఆనించి, తిప్పి చూసి, పెన్సిలుతో ఇంటు గుర్తు కొట్టింది. లోపల ఎర్రటి నరాలు లేవు, కదలిక లేదు. చీకటి గదిలో వంగి వంగి మెడ పట్టేసింది. తొమ్మిదేళ్లుగా ఇదే పని. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ కిరాయి ఇంట్లో కోళ్లకు కొక్కెర రోగం టీకా తయారుచేస్తారు. గుడ్డులోని పిల్లకు సూదితో రోగం ఎక్కిస్తారు. ఆ రోగంతో పిల్ల చచ్చాక గుడ్డులో ఊరిన నీరే మందు.

ఈసారి నిన్ననే సూది వేసిన రెండు వందల నలభై గుడ్లూ ఒక్క రాత్రిలో చచ్చాయి. కారణం వెతకక్కర్లేదు. ఇంటి ఓనరు రామచంద్రం మూడో అంతస్తు వెల్డింగుకని నిన్న సాయంత్రం కరెంటు మెయిన్ ఆపి, తెల్లారేదాకా మళ్లీ వెయ్యడం మరిచాడు. కాలనీ అంతా ఇదే గోల. నిన్నటి బీడులో ఇవాళ పునాది, రేపు దానిమీద ఇంకో అంతస్తు.

సంగతి విని, ఈ టీకాల పని నడిపే డాక్టర్ చక్రపాణి విసుక్కున్నాడు. ఆయనది తెనాలి వైపు. పదేళ్లలో రోగమే రాని కోడిని పుట్టిస్తామని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు గానీ, గుడ్లను వెచ్చగా ఉంచే పెట్టెకు జనరేటరు కొనమంటే మాత్రం ఆయనకు వినబడదు. ఎలాగూ చచ్చేవేగా, నీళ్లు తీసి సీసాలు నింపెయ్యమన్నాడు. రేపు చిట్యాల కోళ్లఫారాలకు మందు పోవాలి.

చిట్యాలలో పెంటమ్మ అక్క ఈరమ్మకు రెండు వందల కోళ్లున్నాయి. పక్క ఊళ్లో అప్పటికే రోగం దిగింది. ఈ నీళ్లను నమ్ముకుంటే వారం తిరక్కుండా కొట్టం ఖాళీ అవుతుంది.

"సచ్చుడంతా ఒక్కటి గాదు సారూ," అంది పెంటమ్మ. "రోగంతోని అయితె కొన్ని ఇయ్యాల, కొన్ని రేపు సస్తయి. ఇయన్ని ఒక్కపారే సచ్చినయి. సలికి సచ్చినయి. వీట్ల మందు లేదు."

"కోడికి తెలుస్తుందా ఏంటి?"

"అందరికన్న ముందు కోడికే తెలుస్తది."

ఆయన నవ్వి, తను వచ్చేసరికి సీసాలు తయారుగా ఉండాలని చెప్పి, తెల్లకోటు విప్పి మేకుకు తగిలించి భోజనానికి వెళ్లాడు.

పెంటమ్మకు ఒళ్లు మండింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారన్న భయమూ ఉంది. అయినా ఫినాయిలు బకెట్ దగ్గరకు లాక్కుని, ఒక్కో గుడ్డునూ దాని అంచుకు కొట్టి అందులో వదలడం మొదలుపెట్టింది. ఆఖరుదాకా ఒక్కటి కూడా మిగల్చలేదు. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, కర్మన్‌ఘాట్‌లోని తన ఇంటి దారి పట్టింది.

గంట తర్వాత చక్రపాణి వచ్చి ఖాళీ ట్రేలు చూశాడు, బకెట్ చూశాడు. పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. ఆ ఇంట్లో గుడ్లు చూసే ఆడవాళ్లకు తెల్లకోటు ఎన్నడూ ఇవ్వలేదు. తలుపు వెనక మేకుకు ఆయన కోటే వేలాడుతోంది, మోచేతుల దాకా పచ్చసొనతో, ఇంకా తడిగా.