పేష్గీ లేని నెల

చార్‌కమాన్ వెనక గల్లీలో కమాలుద్దీన్ సేఠ్‌ది వరఖ్ కార్ఖానా. తోలుపొరల మధ్య వెండిముక్కలు పెట్టి, పొద్దంతా సుత్తెతో కొట్టి, మిఠాయిల మీద అతికించే పలుచని వెండిరేకులు తీసేవాళ్లు అక్కడ. పన్నెండేళ్లుగా అదే పని చేస్తున్న బాషాకు కుడి భుజం ఎడమ భుజం కంటే లావైంది గానీ, సేఠ్ దగ్గర జీతం మీద ముందుగా తీసుకున్న పేష్గీ మాత్రం ఏనాడూ తెగలేదు.

కార్ఖానా రివాజే అట్లాంటిది. ఒకటో తారీఖున చేతికొచ్చిన జీతం ఇంటి కిరాయికీ కిరాణానికీ పోయి, నెల సగం కాకముందే చెయ్యి ఖాళీ అయ్యేది. అడిగితే సేఠ్ కాదనకుండా పేష్గీ ఇచ్చేవాడు. వచ్చే జీతంలో దాన్ని కోసుకునేవాడు. కోత పడిన జీతం ఇంకా ముందే అయిపోయేది. మళ్లీ పేష్గీ. అది తీరేదాకా ఆ మనిషికి ఇంకో సేఠ్ పనివ్వడు. సొంతంగా కొట్టి అమ్మినా బజారులో ఎవరూ కొనరు. అట్లాగని కమాలుద్దీన్ సేఠ్ చెడ్డవాడు కాదు. బాషా తండ్రి పోయిననాడు కఫన్ గుడ్డ తెచ్చింది ఆయనే. అందుకే విడిచిపోతానని చెప్పడానికి బాషాకు ఇన్నేళ్లూ నోరు పెగల్లేదు.

ఆ ఏడాది భార్య రఫియా పట్టుబట్టింది. పేష్గీ తీర్చుకొని వస్తే వరఖ్ అంతా తనే కొంటానని బేగంబజార్ మిఠాయి దుకాణం వైకుంఠం మాటిచ్చాడు. ఇంట్లో మాంసం మానేశారు. రఫియా కాళ్ల కడియాలు అమ్మేసింది. రమ్జాన్ మొదలయ్యేసరికి పేష్గీ మొత్తం తీరింది. ఈ ఒక్క నెల కొత్తగా తీసుకోకుండా నెగ్గుకొస్తే, జీతం పద్దెనిమిది రూపాయలూ నిండుగా చేతికొస్తాయి. దాంతో వెండి కొని ఇంట్లోనే పని మొదలుపెట్టవచ్చు.

పండుగ ముందురోజు పనివాళ్లంతా పేష్గీ కోసం సేఠ్ గద్దె ముందు నిలబడ్డారు. బాషా వెండి కొట్టే తన రాతి ముందు నుంచి లేవలేదు.

"నీకేమైంది రా బాషా? నా పైసలు చేదైనయా?" అన్నాడు సేఠ్.

"అట్లేం లేదు సేఠ్ సాబ్. ఈసారి అక్కెర పడలే."

పక్కన కూర్చునే సాయిలు, బాషా భాయ్‌కి ఏ నవాబు ఆస్తో కలిసొచ్చినట్టుందని అన్నాడు. అందరూ నవ్వారు. సేఠ్ నవ్వలేదు.

తెల్లారి బాషా నమాజుకు బయలుదేరుతుంటే తల్లి ఇక్బాలున్నీసా కొత్త కుర్తా తెచ్చి చేతిలో పెట్టింది. కోడలికి చీర, తనకు జరీ అంచు దుపట్టా. నిన్న సాయంత్రం సేఠ్ లెక్కలు రాసే మున్షీ బాబురావు వచ్చి పదిహేను రూపాయలు, ఖర్జూరాల పొట్లం ఇచ్చిపోయాడట. పండుగకు సేఠ్ పంపిన ఈదీ అనుకొని, ఆమె రాత్రికి రాత్రే పత్తర్‌గట్టీ బజారు తిరిగి ఆ పైసలన్నీ ఖర్చు పెట్టి వచ్చింది. పెద్దలు చిన్నవాళ్లకు పండుగనాడు ఇచ్చే కానుకను వాపస్ చేసే అలవాటు ఆ ఇంట లేదు. ఇది నిజంగా ఈదీయేనా అని బాషాకు అనుమానం తగిలింది. అయినా తల్లి మొహం చూసి కుర్తా తొడుక్కున్నాడు.

పండుగ అయిన వారానికి జీతాలిచ్చారు. బాబురావు మూడు రూపాయలు తీసి పక్కన పెట్టి, పండుగకు పంపిన పేష్గీ పదిహేనూ ఇప్పుడే కొయ్యాలా, నెలకింత చొప్పునా అని అడిగాడు. అది ఈదీ కదా అన్నాడు బాషా.

గద్దె మీది నుంచి సేఠ్ తలెత్తాడు. "ఈదీ అని ఎవరన్నరు? పండుగ పూట నీ ఇల్లు చిన్నబోవద్దని పంపిన. నెలకింత కోసుకుంటలే, ఫికర్ చెయ్యకు."

ఆ మాటలో మోసం లేదు. ఉంటే బాషా కొట్లాడేవాడే. నెలకింత అంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

"మొత్తం ఇప్పుడే కోసుకోండి సేఠ్ సాబ్."

"మరి నెలంతా ఏం తింటవ్?"

"తెల్వదు. కోసుకోండి."

ఇంటికొచ్చి మూడు రూపాయలు రఫియా చేతిలో పెట్టాడు. ఆమె వాటిని చూసింది, అత్తను చూసింది, బియ్యం డబ్బా మూత తీసి లోపలికి చూసింది. సంగతి విన్న ఇక్బాలున్నీసా గోడకు ఆనుకొని కూలబడింది. కొత్త బట్ట దుకాణం వాడు తిరిగి తీసుకుంటాడా అని అడిగింది. తొడిగిన బట్ట ఎవరు తీసుకుంటారన్నది రఫియా. ముసలామె లేచి చెప్పులు వేసుకుంది.

"యాడికి?" అన్నాడు బాషా.

"సేఠ్ తానకు పోతా బేటా. నా తప్పని చెప్త. ఓ ఐదు రూపాయలడిగితే కాదంటడా ఆయన?"

"కాదనడమ్మా," అన్నాడు బాషా, తలుపుకు అడ్డంగా నిలబడి. "గందుకే పోవద్దంటున్న."

ఆమె చెప్పులు విడవలేదు, అడుగు ముందుకూ వెయ్యలేదు. వెనక రఫియా ఆ పూటకని తీసిన బియ్యంలోంచి సగం మళ్లీ డబ్బాలో పోసింది.