సుద్దగీత పెట్టిన కుర్చీ

ఆఖరి గంట కొట్టగానే పిల్లలంతా ఒక్కుమ్మడిగా గేటు మీద పడతారు. "వరసలో వెళ్ళండర్రా, వరసలో!" అని పెద్ద సిస్టర్ వరండాలో నిలబడి అరుస్తూనే ఉంటుంది. ఆవిడ అరుపు ఆవిడది, వాళ్ళ పరుగు వాళ్ళది. బస్సు కదిలి, ఆవరణలో దుమ్ము సర్దుకున్నాక ఆయమ్మ చీపురు పట్టుకుని బయల్దేరుతుంది. ఒక్కో గదిలోకీ వెళ్ళి, చిన్న చిన్న చెక్క కుర్చీలు ఎత్తి బల్లల మీద బోర్లించి, కింద తుడుస్తుంది. పిల్లల చేత ఎత్తించొచ్చు కదా అంటే, ఆ దడదడలకి పక్క ప్రార్థన గదిలో ఉన్న ముసలి సిస్టర్లు ఉలిక్కిపడతారని ఆ పని ఆయమ్మకే వదిలేశారు.

టర్ము చివరి వారంలో మాత్రం కొన్ని కుర్చీలు లేవవు. వచ్చే టర్ముకి ఏ పిల్ల బడికి తిరిగి రాదో ఆ పిల్ల కుర్చీ నేలకి అతుక్కుపోతుంది. పగలు పిల్ల కూర్చున్నంతసేపూ మామూలు కుర్చీయే, జరిపితే జరుగుతుంది. సాయంత్రం గది ఖాళీ అయ్యాకే మొరాయిస్తుంది. ఆయమ్మ దాన్ని బలవంతం చెయ్యదు. కుర్చీ కాలి మీద సుద్దతో ఒక గీత పెట్టి, చుట్టూ తుడుచుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు ఆఫీసు గుమాస్తా ఆ గీతలు చూసుకుని, ఏ తరగతిలో ఖాళీ ఉందో గేటు దగ్గర కాచుకున్న తల్లిదండ్రులకి చెప్తాడు. "ఈసారి ఎక్కడైనా అతుక్కుందా ఆయమ్మా?" అని వాళ్ళు ముందే ఆరా తీస్తుంటారు, సీటు కోసం. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. తండ్రికి బదిలీ అయిందనో, ఇల్లు మారుతున్నారనో పది రోజుల్లో కబురు రానే వస్తుంది.

ఒక్కసారి మాత్రం కబురు వేరేగా వచ్చింది. చర్చిలో కీబోర్డు వాయించేవాడి కొడుకు కుర్చీ అతుక్కుంది. వాళ్ళకి బదిలీ లేదు, ఏమీ లేదు. సెలవుల్లో జ్వరం వచ్చింది పిల్లాడికి. వాళ్ళమ్మ ఇప్పటికీ చర్చిలో పూజ అయిపోయాక ఆ తరగతి కిటికీ దగ్గరికొచ్చి కాసేపు నిలబడి వెళ్తుంది. ఎవరూ పలకరించరు. పలకరించి ఏం చెప్తారు?

ఆ సోమవారం ఒకటో తరగతి టీచరు సంచి సర్దుకుంటుంటే ఆయమ్మ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రాదు, వెళ్ళదు.

"ఏంటి ఆయమ్మా, తాళాలా?"

"కాదు టీచరమ్మా. మూడో తరగతిలో... మీ పిచ్చుక కుర్చీ లేవట్లేదు."

 పిచ్చుక అంటే టీచరు కూతురు. తరగతిలో అందరికంటే పొట్టిది, కుదురుగా ఒకచోట కూర్చోదు, అందుకే ఆ పేరు. టీచరు ఒక్క పరుగున మూడో తరగతి గదికి వెళ్ళింది. కిటికీ పక్క రెండో వరసలో కూతురి చోటు. కుర్చీ రెండు చేతులా పట్టుకుని లాగింది. కదిలితేనా! నేలలోంచి మొలిచినట్టుంది. మళ్ళీ లాగింది. చేతులు ఎర్రగా కందిపోయాయి.

"ఊరుకోండమ్మా, అది మన మాట వినదు" అంది ఆయమ్మ, సుద్దముక్క కొంగులో దాచేస్తూ. గీత అప్పటికే పెట్టేసింది.

ఇంటికెళ్ళేసరికి పిచ్చుక మంచం మీద గెంతుతోంది. టీచరు భర్త తపాలా ఆఫీసులో పని చేస్తాడు. ఆయన చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"ఏమండీ, మీకేమైనా బదిలీ అంటున్నారా?"

"నాకా? నన్నెవడు అడుగుతాడు? ఆ సీలు కొట్టే బల్ల దగ్గరే రిటైరవుతాను."

"సరిగ్గా కనుక్కోండి."

విషయం చెప్పాక ఆయన మొహంలో నవ్వు పోయింది. మర్నాడు వెళ్ళి పై అధికారిని అడిగాడు. బదిలీ ఏమీ లేదన్నాడా అధికారి. పోనీ ఇప్పించండి సార్, ఎక్కడికైనా సరే అని బతిమాలాడు. ఇప్పుడు కాదు, ఏడాది ఆగమన్నాడు. ఉసూరుమంటూ తిరిగొచ్చి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నాన్నా, చెమట కంపు" అని అది విడిపించుకుని పోయింది.

ఇక టీచరుకి కంటికి కనబడ్డ ప్రతిదీ భయమే. పిచ్చుక దగ్గితే డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. మామూలు దగ్గే, గోరువెచ్చని నీళ్ళు తాగించమన్నాడాయన. మేడ మెట్లకి అడ్డంగా బల్ల పెట్టించింది. సెలవుల మొదటి వారంలో చర్చి ఫాదర్ పిల్లల్ని చెరువు గట్టుకి తీసుకెళ్తానంటే, మా పిల్ల రాదని మొహం మీదే చెప్పేసింది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. తరగతిలో అక్షరాలు దిద్దిస్తూ దిద్దిస్తూ సగంలో ఆగిపోయేది. కిటికీ దగ్గర నిలబడే ఆ తల్లి కళ్ళముందు మెదిలేది. రేపు ఆవిడ పక్కన తనూ నిలబడాలా? 

అలా భయపడగా భయపడగా బుర్రకి ఒకటి తట్టింది. కుర్చీ ఏం చెప్తోంది? పిల్ల తిరిగి రాదని. అంతే కదా! ఎందుకు రాదో చెప్పట్లేదు. ఆ ఎందుకన్నది మనమే ముందు తీర్చేస్తే?

గురువారం పెద్ద సిస్టర్ గదికి వెళ్ళింది. ఆవిడ సెలవుల ముందు సభలో చదవాల్సిన బడి కబుర్లు గట్టిగా చదివి చూసుకుంటోంది. టీచరు కూడా చిన్నప్పుడు ఈ బడిలోనే, ఈ సిస్టర్ దగ్గరే చదువుకుంది.

"సిస్టర్, పిచ్చుకని బడి మానిపించేస్తాను. టీసీ ఇచ్చెయ్యండి. మార్కెట్ వెనక సర్కారు బడిలో వేస్తాను."

పెద్ద సిస్టర్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కుర్చీ సంగతి ఆవిడకి తెలుసు.

"నువ్వు పాఠం చెప్పే బడిలో నీ కూతురు లేకపోవడమేంటి తల్లీ?"

"లేకపోయినా ఫర్వాలేదు సిస్టర్. ఎక్కడో ఒకచోట ఉంటే చాలు."

ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని చేతిలో కాగితాలు మడిచింది. "సరే. టీసీ రేపు సభ అయ్యాక ఇస్తాను. ప్రార్థన ఇవాళ్టి నుంచే మొదలెడతాను" అంది.

శుక్రవారం ఆఖరి రోజు. పిల్లలు తమ తమ కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఆవరణలోకి మోసుకొచ్చి వరసల్లో వేసుకున్నారు. తల్లులూ తండ్రులూ గోడవారన నిలబడ్డారు. పెద్ద సిస్టర్ మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుని కబుర్లు మొదలెట్టింది. మన ఫుట్‌బాల్ జట్టు ఈసారి ఒక్క ఆట కూడా గెలవలేదు, అయినా ఏ ఆటలోనూ కొట్టుకోలేదు, అది గెలుపు కిందే లెక్క. అనాథ పిల్లల ఇంటికి మనం పంపిన దుప్పట్లు అందాయి. ప్రార్థన గది కప్పు కారడం ఆగింది, ఫాదర్ స్వయంగా ఎక్కి బాగుచేశారు, దిగడానికి మాత్రం నలుగురు పట్టుకోవాల్సొచ్చింది. అందరూ గొల్లున నవ్వారు. ఫాదర్ కూడా నవ్వాడు.

టీచరు నవ్వలేదు. ఆమె కళ్ళు కూతుర్నే వెతుకుతున్నాయి. మూడో తరగతి వరసలో కనబడింది, పొట్టి కాళ్ళ కుర్చీ మీద, మెడ నిక్కించుకుని. పక్కన దాని ప్రాణ స్నేహితురాలు బుడగ. ఉబ్బు బుగ్గల పిల్ల, బస్సు డ్రైవరు కూతురు. తల్లి లేదు, తండ్రే జడలు వేస్తాడు, ఎప్పుడూ ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటాయి. బుడగ పొడుగు కాళ్ళ కుర్చీ మీద కూర్చుంది. ఆ కుర్చీ కాలి మీద తెల్లగా సుద్దగీత.

టీచరు మళ్ళీ చూసింది. అదే గీత. వంగి వంగి వరస చివరికి వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఒసేయ్, నీ కుర్చీ దాని దగ్గరుందేంటే?"

"అది దానిదేనమ్మా. నాకు బోర్డు కనబడట్లేదని టర్ము మొదట్లోనే పొడుగుది నాకిచ్చింది. ఆఖరి రోజు కదా, ఎవరిది వాళ్ళకి ఇచ్చేసుకున్నాం."

టీచరుకి ప్రాణం లేచొచ్చింది. మన పిల్ల కాదు! నా తల్లి కాదు! నోట్లోంచి చిన్న కేక కూడా వచ్చేసింది, దగ్గుగా మార్చేసుకుంది. అప్పుడే మైకులో పెద్ద సిస్టర్ గొంతు: "మన పిచ్చుక మనల్ని విడిచి వేరే బడికి వెళ్తోంది. దాని కోసం ప్రార్థిద్దాం." బుడగ బావురుమంది. సుద్దగీత ఉన్న కుర్చీ మీంచి వంగి పిచ్చుక మెడ చుట్టూ రెండు చేతులూ వేసి ఏడుస్తోంది. టీచరు సంతోషం అక్కడికక్కడే ఆగిపోయింది.

ఎవరిదీ కుర్చీ? ఇచ్చినదానిదా, ఇన్నాళ్ళూ కూర్చున్నదానిదా? అతుక్కుంది ఎవరి కోసం? ఎవరినడిగినా చెప్పలేరు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆ మాట అనుకున్నందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. ప్రార్థన పూర్తవకుండానే గేటు వైపు నడిచింది.

డ్రైవరు తన సీట్లో కూర్చుని బస్సు అద్దం తుడుస్తున్నాడు.

"ఏంటి టీచరమ్మా, మీ పిల్లని మానిపిస్తున్నారటగా? మావాడు... మా అమ్మాయి పొద్దున్నించీ అన్నం ముట్టలేదు." కూతుర్ని ముద్దుకి 'మావాడు' అనడం ఆయనకి అలవాటు.

ఆమె బస్సు మెట్టు మీద కూర్చుని, దాచకుండా అంతా చెప్పేసింది. ఆయన చేతిలో గుడ్డ కింద పడింది.

"కానీ ఇన్నాళ్ళూ అందులో కూర్చుంది మీ పిల్లే కదా?"

"అవునన్నా. కుర్చీ మాత్రం మీ పిల్లది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కాసేపటి క్రితం తన గుండెలో లేచిన ఆశే ఆయన కళ్ళలోనూ లేవడం టీచరు చూసింది. తప్పు పట్టలేదు. ఎలా పడుతుంది? ఆయనే సిగ్గుపడి తల తిప్పేసుకున్నాడు.

"నాకున్నది అదొక్కతే టీచరమ్మా" అన్నాడు. 

"తెలుసన్నా. అందుకే వచ్చాను. నువ్వు కూడా మానిపించెయ్."

"నేను నడిపే బస్సులో ఊళ్ళో పిల్లలందరూ ఈ బడికొస్తారు. నా పిల్ల మాత్రం రాదన్నమాట."

"రాదు. మా పిల్ల పక్కన కూర్చుంటుంది, ఆ బడిలో."

ఆయన స్టీరింగు మీద ఒకసారి చెయ్యి రాశాడు. తర్వాత బస్సు దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని పెద్ద సిస్టర్ గది వైపు నడిచాడు. ఆవిడ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఒక్క కుర్చీకి ఇద్దరు పిల్లల్ని తీసుకుపోతున్నారర్రా" అంది. కానీ సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం కుర్చీలన్నీ మళ్ళీ గదుల్లోకి చేరాక ఆయమ్మ టీచరు దగ్గరికొచ్చి గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, పొట్టిది కూడా పట్టేసిందమ్మా. ఇప్పుడు రెండూ లేవట్లేదు." టీచరు తల ఊపింది. ఆయమ్మ వెళ్ళి రెండో గీత పెట్టింది.

సెలవులన్నీ ఊపిరి బిగబట్టే గడిచాయి. కీబోర్డు వాయించేవాడి కొడుకు పోయింది సెలవుల్లోనే అన్నది టీచరు ఒక్క పూట మర్చిపోతే ఒట్టు. పిల్లలిద్దర్నీ తన ఇంట్లోనే కళ్ళముందు పెట్టుకుంది. బుడగ గోడ మీంచి పడింది, మోకాలు గీరుకుంది, అంతే. పిచ్చుకకి ఒళ్ళు వెచ్చబడింది. టీచరు దాని పక్కనే కూర్చుని కన్నీళ్ళతో ప్రార్థిస్తూ ఉండిపోయింది. పొద్దున్నకి తగ్గిపోయి ఆకలేస్తోందంది. డ్రైవరు రోజూ వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసేవాడు. లోపల ఇద్దరూ కొట్టుకుంటున్న చప్పుడు వినబడితే, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయేవాడు.

కొత్త బడి తెరిచిన రోజు ఇద్దరి చేతులూ పట్టుకుని టీచరే తీసుకెళ్ళింది. గదిలో ఇంకా ఎవరూ రాలేదు. ఇద్దరూ పరిగెత్తి ముందు వరసలో ఒకే బెంచీ మీద ఎక్కి కూర్చున్నారు. ఆ తర్వాత నీళ్ళ కుళాయి చూస్తామని బయటికి పోయారు. టీచరు ఒక్కతే మిగిలింది. వద్దు వద్దనుకుంటూనే వంగింది. బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని పైకి లాగింది.

కదల్లేదు.

 మోకాళ్ళ మీద కూర్చుని బెంచీ కిందికి చూసింది. అప్పుడు కనబడ్డాయి, బెంచీ కాళ్ళ దగ్గర తుప్పుపట్టిన పెద్ద పెద్ద బోల్టులు. పక్క బెంచీకీ ఉన్నాయి. వెనక వరసలకీ, గదిలో ఉన్న ప్రతి బెంచీకీ ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా ఎప్పుడో నేలకి బిగించేశారు. ఇక్కడ ఎవరి చోటు ఎవర్ని వదులుతుందో, ఎవర్ని పట్టుకుంటుందో ఏ ఆయమ్మా వచ్చి చెప్పదు. టీచరు ఆ నేల మీదే కూర్చుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

"అమ్మా, కింద ఏం వెతుకుతున్నావ్?" గుమ్మంలో పిచ్చుక. వెనక బుడగ, ఒక జడ పైకీ ఒకటి కిందకీ.

"ఏం లేదు. రా ఇలా, దాని జడ విప్పు, సరిగ్గా వేస్తాను" అంది టీచరు, కళ్ళు తుడుచుకుంటూ.