చేటెడు తవుడు

ఎంతకి రాయమంటారు అని అడుగుతున్నాడు, ఎంతకి అంటే ఏం చెప్పాలి, కందిపప్పుకైతే కనకయ్య నాలుక దానంతటదే ధర చెబుతుంది, ఎదురుగా కలం తెరిచి కూర్చున్న ఈ బీమా ఏజెంటు వరప్రసాదరావు పొద్దున్నే నందిగామ బస్సు దిగి తిన్నగా కొట్టుకే వచ్చాడు, చెప్పుల నిండా దుమ్ము, అబ్బాయి పేర ఒక పాలసీ అండి, వాడు పెద్దవాడయ్యేసరికి చేతికందుతుంది, బీమా అంతా సర్కారుదయ్యాక ఇంకా భయమేంటండీ అంటాడు, భయం సొమ్ము గురించి కాదు, పిల్లాడికి విలువ కట్టి కాగితం మీద పెడితే మృత్యువు చదువుతుందేమోనని, ఆ మాట కనకయ్య పైకి అనడు, జగ్గయ్యపేటలో ఇంత వ్యాపారం చేసేవాడు అలా అంటే నలుగురూ నవ్వుతారు, కాని అది ఈ ఇంటికి రెండుసార్లు వచ్చింది, మొదట పెద్దపిల్లకోసం, తర్వాత ఇంకా మెడ నిలవని మగపిల్లాడికోసం, ఇద్దర్నీ పాలేటి ఒడ్డున ఇసుకలోనే, రెండోసారి గునపం తనే పట్టుకున్నాడు, తవ్వినకొద్దీ ఇసుక జారి మళ్ళీ గుంటలోకే, అబ్బాయి పేరు చెప్పండి అంటున్నాడు ఏజెంటు, తవుడయ్య.

అదేం పేరండీ కనకయ్యగారూ, బీమా చేయిస్తూ తవుడని రాయమంటారా, బళ్ళో పేరు చెప్పండి, బళ్ళో ఇంకా వెయ్యలేదండీ, ఉన్నది ఆ పేరే, ఏజెంటు నవ్వు ఆపుకుంటున్నాడు, నవ్వనీ, వాడికేం తెలుసు, వీడు పుట్టినప్పుడు అమ్మ ఇంకా బతికే ఉంది, కొట్టు వెనక మిరపకాయల తొడిమలు తీసే లూర్దమ్మను పురిటిగది గుమ్మంలోకి పిలిచింది, చేటెడు తవుడు తెచ్చి పొయ్యవే, వీణ్ణి నీకమ్మేస్తున్నా, ఇహ నీ బిడ్డే, లూర్దమ్మ తవుడు పోసి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, మా ఇంట్లో గింజల్లేవమ్మగారూ, నా కొడుక్కి మీరే కూడు పెట్టుకోవాలి అంది, సుబ్బమ్మ తను కన్న బిడ్డను పరాయి బిడ్డలా చేతుల్లోకి అందుకుంది, ఏడవకు, ఏడిస్తే నీ బిడ్డేనని తెలిసిపోతుంది అని అమ్మ గదమాయించింది, అప్పట్నుంచీ వాడికి ఇంటింటా అడిగి తెచ్చిన పాతచొక్కాలే, కన్నతల్లిని పిన్నీ అంటాడు, లూర్దమ్మను అమ్మా అంటాడు, తనను వీధంతా పిలిచినట్టే శెట్టిగారూ అంటాడు, ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చినప్పుడు కూడా తను లోపలికి వెళ్ళలేదు, గుమ్మంలో నిలబడి, కూలివాళ్ళ పిల్లాణ్ణి గురించి అడిగినట్టు వాడికెలా ఉంది అన్నాడు, గొంతులో బెంగ బయటపడకూడదని, వాడు బతికాడు, అయిదో ఏడు నడుస్తోంది, తవుడు మంచి బేరమే.

ఇది పిల్లాడికేదో అవుతుందని కాదండీ, ఏజెంటు గొంతు తగ్గించాడు, అసలు సంగతి వినండి, రేపు మీకేదన్నా అయిందనుకోండి, మాటవరసకే, ఇహ పైకం కట్టక్కర్లేదు, పాలసీ అలాగే నడుస్తుంది, తండ్రి లేకపోయినా తండ్రి ఉన్నట్టే, మీకేదన్నా అయితే, ఈ మాట కొత్తగా ఉంది, ఇన్నేళ్ళూ మృత్యువు వాడికోసమే వస్తుందని వాకిలి కాశాడు, తనకోసం రావచ్చని తోచనే లేదు, మిరప ఘాటు గొంతులో పడి దగ్గు తెరలు తెరలుగా, ఆ దగ్గులోనే కనిపిస్తోంది, ఈ కొట్టు ముందే తనను చాపమీద పడుకోబెట్టారు, తలకొరివి పెట్టేవాడేడీ అంటున్నాడు పురోహితుడు, వాడు జనంలో లూర్దమ్మ కొంగు పట్టుకుని నిలబడి, శెట్టిగారు పోయారమ్మా అంటున్నాడు, అంతే, ఇంటికి పోదామా అంటున్నాడు.

ఒరే ఇట్రా అని ఏజెంటు పిలిచాడు, పెరట్లో లూర్దమ్మ పక్కన తొడిమలు కుప్పపోసి ఆడుకుంటున్నవాడు వచ్చాడు, వేళ్ళకి ఎర్రటి పొడి, ఈయన నీకేమవుతారు, శెట్టిగారు, అది సరేరా, నీకేమవుతారు, వాడు, ఏమీ అవరండీ, మా అమ్మ లూర్దమ్మండీ, మర్యాదగా చెప్పాడు, బాగుందండీ, అయితే ఈ సంతకం ఆ లూర్దమ్మచేత పెట్టించాల్సిందే అని ఏజెంటు ఒళ్ళు కదిలేలా నవ్వాడు, కనకయ్య కలం లాక్కుని తండ్రి అని ఉన్నచోట పేరు రాశాడు, సంతకం పెట్టాడు, ఒరే, నేను మీ నాన్ననిరా, నాన్నా అను, గట్టిగానే అన్నాడు, వినేది వింటే విననీ, వాడు తల తిప్పి పెరటివైపు చూశాడు, అనొచ్చా అమ్మా, లూర్దమ్మ చేతిలో మిరపకాయ తుంచకుండా అలాగే ఉండిపోయింది, అను నాయనా, వాడు అన్నాడు, శెట్టిగారూ అనే గొంతుతోనే, చెప్పిన పని చేసినట్టు, అని, వెనక్కి తిరిగి ఆమె దగ్గరికి పరిగెత్తాడు, ఆ బేరాన్ని మృత్యువు నమ్మిందో లేదో ఎవరికి తెలుసు, వీడు మాత్రం నమ్మాడు.