అవీనో తాడు

మా ఊళ్లో మనిషిని తాడుతో కొలిచే హక్కు ఒక్కడిదే. నాది. ఒబుంగా ఫుండీ, అంటే వడ్రంగి, తలుపులూ మంచాలూ పడవలూ అన్నీ చేస్తాడు గాని, సరస్సు ఒడ్డున నా పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది మాత్రం శవపెట్టె. ఓసారి మా జాలరి ఓడిడి వలలో ఎంత పెద్ద ఎంబుటా చేప పడిందంటే, ఆ చేప పెళ్లాం ఒడ్డుకొచ్చి మొగుడికి పెట్టె చేసిపెట్టమని నా కాళ్లు పట్టుకుంది. నమ్మకపోతే ఓడిడినే అడగండి. వాడు నాకన్నా పెద్ద కోతలరాయుడు.

కొత్త తాడు సంగతి మోసుకొచ్చింది కూడా వాడే.

"ఫుండీ, నీ పొట్ట కొట్టడానికి పోటీ దిగిందయ్యా!" అన్నాడు, చిత్రిక పట్టిన పలక మీద తడి గుడ్డలతో కూలబడి.

"ముందు లేచి మాట్లాడు. ఎవరు?"

"చర్చి సెంటర్లో పిల్లలకి పాటలు నేర్పడానికి నార్వే నించి వచ్చిందే, ఆ మారిట్. కంచె సందులోంచి చూశా. ఒక్కొక్కణ్నీ లోపలికి పిలిచి తాడేసి కొలుస్తోంది. ముడులేస్తోంది. ఆ తాడు మేకుకి తగిలించి కింద పేరు రాస్తోంది."

నా చేతిలో ఉలి ఆగిపోయింది. దర్జీ టేపు వేరు. అది గుడ్డది, దాని మీద అంకెలుంటాయి. ముడులేసే తాడు చచ్చినవాళ్లది. బతికున్న మనిషి మీద దాన్ని వెయ్యడమంటే చావుకు దారి చూపించడమే. మంచం కావాలని వచ్చినవాడి పొడుగు కూడా నేను కంటితోనే చూసుకుంటాను.

ఆ సెంటర్‌కే వెళ్తుంది నా మనవరాలు. నాలుగేళ్లది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని పుట్టింది కాబట్టి అవీనో అన్నాం. దాని తల్లి, నా కూతురు, రెండేళ్ల కిందట పోతే ఈ చేతులతోనే కొలిచాను. పక్క ఊరి ఫుండీని పిలుద్దామన్నారు. నేనే చేశాను. ఆ రోజు నుంచి పిల్ల నోరు విప్పలేదు. సెంటర్‌లో చేరి, మారిట్ పాటలకు చప్పట్లు కొట్టీ కొట్టీ, ఈ మధ్యనే మళ్లీ మాటలు మొదలుపెట్టింది.

ముందు పాస్టర్ జైరో దగ్గరకు వెళ్లాను.

"పిల్లల్ని కొలుస్తున్నారంట. టోకున పెట్టెలు కావాలా పాస్టరుగారూ?"

ఆయన మెడ గోక్కున్నాడు. "అదా... ఇప్పుడే బయటపెట్టకూడదు ఒబుంగా. ఆ అమ్మాయి నా దగ్గర మాట తీసుకుంది."

"దేవుడి ఇంట్లో దాపరికమా?"

"మంచి పనే. నన్ను నమ్ము."

నమ్మమన్నవాడి మెడకు అంత దురద ఎందుకో!

మర్నాడు అవీనోను ఇంట్లోనే ఉంచేశాను. నా ఆవిడ డోర్సిలా చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా, పిల్ల మళ్లీ మూగదైతే? పాటలు ఎవరు పాడతారు, నువ్వా? నీ గొంతు వింటే మేకలు కట్లు తెంచుకుంటాయి."

"మూగదైనా బతికుంటుంది."

పిల్ల పనిబల్ల కింద చెక్కపొట్టులో కూర్చుంది. ఆ రోజు మాట లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు పొద్దున గంజి గిన్నె వెనక్కి తోసేసింది.

ఇక ఉండబట్టలేక సెంటర్‌కు వెళ్లాను. పిల్లలు పెరట్లో పాడుతున్నారు. లోపల గోడకు ఇరవైరెండు మేకులు, ఇరవైరెండు తాళ్లు. అవీనో పేరు మీది తాడు తీసి జేబులో వేసుకుంటుంటే గుమ్మంలో మారిట్.

"తాతా! అవీనోకి... జ్వరమా?" అంది వచ్చీరాని మా మాటల్లో.

"జ్వరమే. ఏనుగు జ్వరం. చెవులు పెద్దవవుతాయి."

ఆ అమ్మాయి నవ్వలేదు. మొహం ఎర్రబడింది. గబగబా వచ్చి మిగతా తాళ్ల మీద దుప్పటి కప్పేసింది. నా అనుమానానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంటికొచ్చేసరికి పిల్ల చాప మీద నిద్రపోతోంది. తాడు కొస దాని నెత్తి దగ్గర పట్టి కిందికి వదిలాను. తాడు నడుము దాటలేదు. మధ్యలో ఒక ముడి, చివర ఒక ముడి. నాకు ముందు వచ్చింది కోపం. ఇంత పొట్టి పెట్టెలో ఎవరు పడతారు! కొలవడమైనా సరిగ్గా రాదా ఆ మారిట్‌కి?

అవీనో కళ్లు తెరిచింది. తాడు చూసి కిలకిలా నవ్వింది.

"అక్కడ కాదు తాతా!"

మూడు రోజుల తర్వాత మొదటి మాట. లేచి పలకల దొంతరెక్కి కూర్చుంది. తాడు కొస మడమ దగ్గర పెట్టించింది. మొదటి ముడి సరిగ్గా మోకాలి వెనక్కి వచ్చింది. "ఇక్కడ కితకిత!" అంది. రెండో ముడి తొడ వెంట పోయి పిర్రల వెనక ఆగింది.

ఇన్నేళ్లలో ఒక్క మోకాలు కొలవలేదు నేను. చచ్చినవాడికి మోకాలితో ఏం పని? మోకాలు కొలిచారంటే అది కూర్చునేవాళ్ల కోసమే. చర్చిలో పెద్దల బల్లల మీద ఈ పిల్లలంతా ఎండుచేపల్లా కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం నేను చూడనిదా?

పిల్లను భుజానేసుకుని మళ్లీ వెళ్లాను.

"కుర్చీలా?" అన్నాను తాడు చూపించి.

మారిట్ తల వంచింది. "కలప వచ్చాక నిన్నే అడుగుదామని... ముందే చెప్పి, చెయ్యకపోతే..."

నిజమే. ఆమెకు ముందొచ్చినవాళ్లు ఉయ్యాల పంపుతామన్నారు. దానికోసం మేం పాతిన రెండు గుంజలకు ఇప్పటికీ మేకల్నే కడుతున్నాం.

"చేస్తాను. ఒక షరతు. పని కాగానే తాళ్లన్నీ పొయ్యిలో పడాలి. దీనిది ఇప్పుడే."

అవీనో తాడు ఆమె ముందే కాల్చేశాను. బూడిదయ్యేదాకా కదల్లేదు. ఇరవై ఒక్క కుర్చీలు తాడు ప్రకారం చేశాను. అవీనోది కంటికొలతతో.

కుర్చీలు వేసిన రోజు ఓడిడి వచ్చి అన్నీ తొంగి చూశాడు. "ఏం ఫుండీ, అందరి కాళ్లూ నేలకి ఆనుతున్నాయి, నీ మనవరాలివే ఆనట్లేదు. కుర్చీ వేలెడు ఎత్తైంది. ముసలాడివైపోయావయ్యా!"

"చేపకి పెట్టె చేసినవాడికి కుర్చీ కొలత తెలీదా? అది కుర్చీకి తగ్గట్టు పెరుగుతుంది, చూస్తూ ఉండు."

రోజూ ఏదో ఒక వంకతో సెంటర్‌కు వెళ్తాను. పిల్ల పాడుతుంటే వంగి, దాని పాదానికీ నేలకూ మధ్య వేలు పెట్టి చూస్తాను. మొదట్లో వేలు సులువుగా దూరేది. నిన్న గోరు ఇరుక్కుంది.